నౌకాయాత్రల తొలి ముద్రణలు: పుటలకన్నా ముందు పటాలు లెక్కపెట్టండి

శాస్త్ర పరిశోధన కోసం సాగిన పాత నౌకాయాత్రల వృత్తాంతం కొనేటప్పుడు అందరూ ముందు చూసేది ముఖపత్రం మీది సంవత్సరం. అది చాలావరకు నిజమే చెబుతుంది. లోపల ఎన్ని పటాలు (బొమ్మల ప్లేట్లు, సముద్ర పటాలైన చార్టులు) మిగిలాయో మాత్రం చెప్పదు. ధర తేల్చేవి ఆ పటాలే.

ఆ రోజుల్లో పుస్తకం తయారైన తీరే దీనికి కారణం. పాఠం ఒకచోట, రాగిరేకుల మీద చెక్కిన ప్లేట్లు మరోచోట అచ్చయ్యేవి. కొన్నవాడు ఆ కట్టను తనకు నచ్చిన బైండరుకు ఇచ్చుకునేవాడు. ఏ ప్లేటు ఏ పుటకు ఎదురుగా రావాలో చెప్పే పట్టిక ఒకటి వేసేవారు. బైండరు దాన్ని పాటించాడో లేదో అతని ఓపికను బట్టి ఉండేది. అందుకే ఒకే ముద్రణలోని రెండు ప్రతులు అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు.

ఇంగ్లిష్ నావికుడు జేమ్స్ కుక్ మూడో యాత్ర అధికారిక వృత్తాంతమే తీసుకోండి. 1784లో లండన్‌లో మూడు క్వార్టో (కాగితాన్ని నాలుగు ఆకులుగా మడిచిన సైజు) సంపుటాలు, ఒక పెద్ద ఫోలియో (రెండు ఆకులుగా మడిచిన సైజు) అట్లాసుగా వచ్చింది. మొత్తం 87 ప్లేట్లు, వాటిలో 63 అట్లాసువి. కొందరు అట్లాసు ప్లేట్లను కూడా మడిచి క్వార్టో సంపుటాల్లోనే కుట్టించుకున్నారు. అలాంటి ప్రతిలో మడత గీతలుంటాయి తప్ప లోటేమీ లేదు. ఇక కుక్ మరణ దృశ్యం ప్లేటు విడిగా అమ్మినది. కొన్ని అట్లాసుల్లో దాన్ని చేర్చి కట్టారు. అది ఉంటే అదనపు విలువే, లేదని బేరమాడటం మాత్రం సరికాదు.

'తొలి' అన్న మాట దగ్గరా జాగ్రత్త కావాలి. హాక్స్‌వర్త్ కూర్చిన కుక్ మొదటి యాత్ర మూడు సంపుటాల తొలి, మలి ముద్రణలు రెండూ 1773లోనే వచ్చాయి. రెండోదానిలో విమర్శలకు జవాబుగా కొత్త ముందుమాట ఉంటుంది. ఆ ముందుమాట పుటలు చింపేస్తే చూపు ఆనని కొనుగోలుదారు రెండోదాన్ని మొదటిదని పొరబడవచ్చు. కాబట్టి ముందు పుటలు ఏ మడతలో, ఏ సంతకాక్షరం (మడతల క్రమం తెలియడానికి పుట అడుగున వేసే అక్షరం) కింద ఉన్నాయో, కుట్టు దారం ఎక్కడ కనిపిస్తోందో చూడాలి. కత్తిరించిన ఆకు మొదలు కుట్టు దగ్గర సన్నని చీలికలా మిగిలే ఉంటుంది. ఇదే పుస్తకంలో మెజెల్లాన్ జలసంధి చార్టు, ప్లేట్ల పట్టిక లేని తొలి ముద్రణ ప్రతులు తరచూ ఎదురవుతాయి.

అధికారిక వృత్తాంతం కన్నా ముందే రచయిత పేరు లేకుండా బయటికొచ్చిన పుస్తకాల కథ వేరు. కుక్ మొదటి యాత్ర మీద 1771లోనే బెకెట్, డి హాంట్ ఒక పుస్తకం వేశారు. అందులో నౌకాదళ అధికారులకు, ఆ యాత్రలో వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞులైన బ్యాంక్స్‌కు, సొలాండర్‌కు ఒక అంకితం ఆకు ఉండేది. అనుమతి లేకుండా వేసిన ఆ అంకితాన్ని తర్వాత తీసేశారు. అది ఉన్న ప్రతులనే తొలి విడుదలగా లెక్కిస్తారు. ఒక్క ఆకుతో ధర ఎంతగానో మారిపోతుంది కనుక ఆ ఆకును వేరే ప్రతి నుంచి తెచ్చి అంటించే పని కూడా జరుగుతుంది. ఆకు కొలత, కాగితంలోని తీగ గీతల దిశ, పక్క పుటలతో కలిసే మరకలు, పురుగు రంధ్రాలు సరిపోతున్నాయా అని చూడండి. పురుగు అన్ని ఆకుల్నీ తొలుచుకుంటూ పోయి ఒక్క దాన్నే వదిలేయదు.

కుక్ రెండో యాత్రలో వెళ్లిన ఫార్‌స్టర్ 1777 గ్రంథంలో ఒక చార్టు తప్ప బొమ్మలు లేవు. ఆ యాత్ర ప్లేట్లను అతనికి ఇవ్వలేదు. అతని పుస్తకం అధికారిక గ్రంథం కన్నా కొన్ని వారాల ముందే వచ్చింది. ఇలాంటివి కొనేవాళ్లకు సులువు, లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు.

సరైన లెక్క ఎక్కడ దొరుకుతుంది? అమ్మేవాళ్ల వివరణలో 'పూర్తి ప్రతి' అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. డార్విన్ రచనలకు ఫ్రీమన్ గ్రంథసూచి, కుక్‌కు బెడ్డీ, ఆస్ట్రేలియా యాత్రలకు ఫెర్గుసన్, పసిఫిక్ యాత్రలకు హిల్ సేకరణ కేటలాగు, అమెరికా నౌకాదళాధికారి విల్క్స్ యాత్రకు హాస్కెల్. వీటిలో సంబంధించినది తెరిచి పెట్టుకుని, పక్కనే ఏదైనా జాతీయ గ్రంథాలయం వెబ్‌లో పెట్టిన స్కాన్ ఉంచుకుని, ఒక్కో ప్లేటుకు పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. పెద్ద అట్లాసుకు ఒక పూట పడుతుంది. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

కొన్నిసార్లు తప్పులా కనిపించేది తప్పు కాదు. డార్విన్ వెళ్లిన బీగిల్ నౌక యాత్ర వృత్తాంతం 1839లో హెన్రీ కోల్‌బర్న్ వేసిన మూడు సంపుటాలు, రెండో సంపుటానికి విడిగా ఒక అనుబంధం. మూడో సంపుటం డార్విన్‌ది. అందులో 609 నుంచి 615 వరకు పుట సంఖ్యలు రెండుసార్లు వస్తాయి. చేర్పులు, సూచిక రెండూ అదే సంఖ్యతో మొదలుపెట్టడం వల్ల ఇలా అయింది. దీన్ని చూసి ప్రతి చెడిందనుకుని వదులుకోకండి. అదే సంవత్సరం డార్విన్ సంపుటాన్ని కొత్త ముఖపత్రంతో విడిగానూ అమ్మారు. ఆ విడి విడుదల, మూడు సంపుటాల సెట్టులోది ఒకే పాఠమైనా సేకరణలో రెండు వేర్వేరు వస్తువులు. విడి ముఖపత్రంతో ఉన్న డార్విన్ సంపుటాన్ని నౌక కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ సంపుటాల పక్కన చేర్చి సెట్టుగా చూపితే అది అతుకుల సెట్టే.

విల్క్స్ విషయంలో సంఖ్యలే అన్నీ చెబుతాయి. ప్రభుత్వం వేయించిన 1844 ముద్రణ 100 ప్రతులు. దాని వెంట వచ్చిన అనధికార విడుదల 150. ఆపైన 1845లో కాస్త చిన్న సైజులో 1000. కేటలాగులో వట్టిగా 'ఐదు సంపుటాలు, అట్లాసు' అని ఉంటే అది మూడోదని అనుకుని మొదలుపెట్టడం మేలు.

ప్లేటు చేతికొచ్చాక పదిరెట్లు పెంచి చూపే లూపు తీయండి. రాగిరేకు అచ్చులో గీత కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, అంచుల చుట్టూ రేకు నొక్కిన గుర్తు కనిపిస్తుంది. చిన్న చుక్కల వల కనిపించిందా, అది ఆధునిక నకలు. ఆస్ట్రేలియాను నౌకలో చుట్టివచ్చిన ఫ్లిండర్స్ 1814 గ్రంథానికి 1966లో అడిలైడ్‌లో మంచి నకలు ముద్రణ వచ్చింది. దాని ముఖపత్రం మీద కూడా 1814 అనే ఉంటుంది. అసలు అట్లాసులో 16 చార్టులు, 2 తీరదృశ్యాల పలకలు, చిత్రకారుడు బావర్ గీసిన 10 మొక్కల ప్లేట్లు. ఈ చార్టులను బ్రిటిష్ నౌకాదళం తర్వాత దిద్దుబాట్లతో మళ్లీ మళ్లీ అచ్చువేసింది, కాబట్టి తర్వాతి తేదీ గాని చార్టు నంబరు గాని ఉందేమో కింది అంచులో చదవండి.

వెలుతురుకు ఎత్తి కాగితంలోని నీటిగుర్తు కూడా చూడాలి. 1794 చట్టం తర్వాత బ్రిటిష్ కాగితాల మీద సంవత్సరం వేయడం మామూలైంది. 1784 అట్లాసులో 1804 నీటిగుర్తున్న ఆకు కనిపిస్తే అది తర్వాత అచ్చయి చేరినదే.

రంగుల దగ్గర నేను అందరికన్నా కఠినంగా ఉంటాను. కుక్ ప్లేట్లు నలుపు తెలుపుల్లోనే విడుదలయ్యాయి. రంగులద్దిన ప్రతి అందంగా ఉండొచ్చు, దానికి ఎక్కువ ధర పెట్టడం నాకు అర్థం కాదు. బీగిల్ జంతుశాస్త్ర భాగాలు (1838–1843, 19 సంచికలు) మాత్రం చేత్తో రంగులు వేసి అమ్మినవి. 166 ప్లేట్లలో 82 రంగువి. పాత ఆకుపచ్చ తరచూ కాగితం వెనకవైపు గోధుమరంగు నీడ వదులుతుంది. కొత్త రంగు పాత మరకల మీదుగా, చిరుగు అంచుల్లోకి పాకి ఉంటుంది.

వేలంలో కొనేవాళ్లు షరతుల పేజీ చదవండి. ప్లేట్లు, పటాలు ఉన్న పుస్తకాలను 'తిరిగి తీసుకోం' అన్న షరతుతో అమ్మడం మామూలు. అంటే ఒక చార్టు తగ్గినా ఇక మీదే. వేలం కమీషను ధరకు నాలుగో వంతు దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా కలుస్తుంది, గరిష్ఠ బిడ్డు రాసేటప్పుడే దాన్ని తీసేయాలి. చెరిపేసిన లైబ్రరీ ముద్ర కనిపిస్తే ఆ లైబ్రరీ పుస్తకాన్ని తొలగించినట్టు కాగితం ఉందా అని అడగండి. లేకపోతే ధర ఎంత తక్కువైనా వద్దు.

మడత చార్టు చిరిగితే సెలోటేపు అంటించకండి. దాని జిగురు కొన్నేళ్లకు పసుపై, కాగితంలోకి ఇంకి, నూనె మరకలా నిలిచిపోతుంది. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములుండే పలుచని జపాన్ కాగితాన్ని కత్తిరించకుండా, తడిగీతతో చింపితే అంచు పీచులా వస్తుంది. గోధుమ పిండిసారం ఒక పాలు, నీళ్లు ఐదు పాళ్లు, అరగంట కలుపుతూ ఉడికించి, చల్లారాక జల్లెడ పట్టి జిగురు చేస్తారు. దాన్ని అతి పలుచగా రాసి, చిరుగు వెనకవైపు అతికించి, బ్లాటింగు కాగితాల మధ్య బరువు పెట్టాలి. జిగురు నీళ్లగా ఉంటే చిరుగు చుట్టూ గోధుమరంగు చార తేలుతుంది, కాగితం ముడుచుకుంటుంది. రంగులున్న చోట ముందు మూలలో ఒక తడి చుక్కతో పరీక్షించండి. రంగు కదిలితే కన్జర్వేటరుకు (పాత కాగితాలు బాగుచేసే నిపుణుడికి) ఇచ్చేయండి.

తోలు వెన్ను ఎర్రటి పొడిలా రాలుతుంటే నూనె రాయకూడదు. నలుపెక్కి, జిగటై, దుమ్ము పడుతుంది. తేమ 45–55 శాతం, వేడి 18–20 డిగ్రీల మధ్య ఉంటే చాలు. 65 దాటితే బూజు వస్తుంది. అట్లాసులను పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి రెండుకు మించి పేర్చకండి.

బీగిల్ సెట్టులో 8 మడత పటాలు అట్టల లోపలి జేబుల్లో విడిగా ఉంటాయి. తీసి పెట్టిన ప్రతిసారీ ఆ కాగితం జేబు అంచు చిరుగుతుంది. పటాలను పాలిస్టర్ ఫోల్డర్‌లో విప్పి ఉంచి, జేబులో ఏ పటం ఎక్కడుందో రాసిన ఆమ్లరహిత కాగితపు చీటీ ఒకటి పెట్టండి. అమ్మే రోజు వస్తే పటాలు, జేబులు రెండూ కలిపి చూపించాలి.