వోల్కా కీస్ మీద హంసధ్వని: ఇప్పటిదాకా

కోర్గ్ కంపెనీ 2013లో తెచ్చిన వోల్కా కీస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఒళ్లో పెట్టుకుని వాయించుకునేంత చిన్న అనలాగ్ సింథ్ (కరెంటు సర్క్యూట్లతో స్వరం పుట్టించే కీబోర్డు). స్పీకర్ లోపలే ఉంది, ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే పని చేస్తుంది. అడాప్టర్ విడిగా కొనాలి: 9 వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. గిటార్ పెడల్స్ అడాప్టర్ కూడా 9 వోల్టులే కదా అని గుచ్చకండి, వాటిలో ఎక్కువవాటికి మధ్యలో నెగెటివ్ ఉంటుంది. అడాప్టర్ మీద ఉండే చిన్న బొమ్మ చూస్తే తెలిసిపోతుంది.

బుల్లి స్పీకర్‌లో బేస్ దాదాపు వినపడదు. కటాఫ్ (ఫిల్టర్ పైస్థాయి మోతను ఎక్కడ కోసెయ్యాలో చెప్పే నాబ్) తిప్పితే ఏం మారుతోందో తెలియాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే.

మొదట తంబుర శ్రుతి పట్టాను. వాయిస్ నాబ్‌ని ఫిఫ్త్‌కి తిప్పితే ఒకే కీ మీద స-ప రెండూ పలుకుతాయి. అటాక్ (స్వరం లేవడానికి పట్టే సమయం) కాస్త పెంచి, సస్టెయిన్ (కీ నొక్కి ఉంచినంతసేపు నిలిచే మోత) నిండా పెట్టి, కటాఫ్ తగ్గిస్తే గుమ్మని నిలబడుతుంది. చిక్కేమిటంటే, పెట్టె మొత్తానికి వాయిస్ మోడ్ ఒకటే. శ్రుతి పలికిస్తూ దాని మీదే రాగం వాయించడం కుదరదు. అందుకే ఇప్పుడు శ్రుతి ఫోన్ యాప్‌కి అప్పగించేశాను.

తాళం విషయంలో మాత్రం ఈ పెట్టె మనకోసమే చేసినట్టుంది. సీక్వెన్సర్‌లో (వాయించినదాన్ని గుర్తుంచుకుని మళ్లీ మళ్లీ పలికించే భాగం) 16 స్టెప్పులు, అంటే మామూలుగా నాలుగు దెబ్బలు. టెంపోని సగం చేస్తే అవే 16 స్టెప్పులు ఎనిమిది దెబ్బలకు సాగుతాయి. ఆది తాళం ఒక ఆవర్తనం, దెబ్బకి రెండు స్వరాలు. సరళీ స్వరాలు రెండో కాలంలో పాడినట్టే. యాక్టివ్ స్టెప్ (ఏ స్టెప్పులు పలకాలో ఎంచుకునే సదుపాయం)తో చివరి నాలుగు స్టెప్పులు తీసేసి టెంపో మామూలుగా ఉంచితే మూడు దెబ్బల రూపకం.

గమకాల దగ్గర వచ్చింది తంటా. పోర్టమెంటోతో (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జార్చే నాబ్) రి నుంచి గ కి జారుడు బాగానే వస్తుంది. కానీ ఎల్ఎఫ్ఓతో (తనంతట తానే మెల్లగా ఊగే సర్క్యూట్) స్వరాన్ని ఊపితే ఆ ఊపు గడియారం లోలకంలా ఒకే తీరుగా పోతుంది, కంపితానికి (స్వరాన్ని ఊపి పలికే గమకం) ఉండాల్సిన ఒడుపు అందులో లేదు. తోడి రాగంలో ఊగే గాంధారం దీనివల్ల కాదు. స్వరాలు నిలబడి పలికే హంసధ్వని, మోహన లాంటివే దీనికి నప్పుతాయని నాకనిపిస్తోంది. రికార్డ్ చేసేటప్పుడు ఫ్లక్స్ ఆన్‌లో ఉంచాలి, లేకపోతే చేత్తో వాయించిన స్వరాలన్నీ స్టెప్పులకి అతుక్కుపోతాయి.

సింథ్ అలవాటున్నవాళ్లకి ఒక మాట: ఆసిలేటర్లు (స్వరం పుట్టించే భాగాలు) మూడున్నా ఫిల్టర్ ఒక్కటే. కార్డ్ (ఒకేసారి కొన్ని స్వరాలు) పట్టినప్పుడు ఒక్కో స్వరానికి విడిగా తెరుచుకోదు.

నాబ్స్ ఎక్కడున్నాయో ఇది గుర్తుపెట్టుకోదు. ఎనిమిది లూప్స్ సేవ్ అవుతాయి గానీ ఆ టోన్ మళ్లీ రావాలంటే నాబ్స్ మనమే తిప్పుకోవాలి. నోట్‌బుక్‌లో గడియారం ముల్లు లెక్కన రాసుకుంటున్నాను: కటాఫ్ 11, పీక్ (కటాఫ్ దగ్గరి మోతను పెంచేది) 2, డిలే టైమ్ (ఎకో వ్యవధి) 9. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే మేలు. ఏ నాబ్ ఏం చేస్తుందో చేతికి ఎక్కుతుంది.

డిలే టైమ్ మరీ పెంచితే బుస్సుమనే శబ్దం బయటపడుతోంది. రికార్డింగ్‌కి దాన్ని పూర్తిగా కట్టేసి, ఎకో తర్వాత కంప్యూటర్‌లో కలుపుతున్నాను. ఇక మిగిలింది అవరోహణ లూప్. ని నుంచి ప కి దిగేచోట పోర్టమెంటో ఎంత ఉంచాలో ఇంకా తేలలేదు.