పేపరు చదివి ఊరుకోని మనిషి

మన బడిలో ప్రార్థన అయ్యాక వార్తలు చదివే పని తొమ్మిదో తరగతిలో నాకు పడింది, ఆ వార్తలు ఏరి ఇచ్చేది మా నాన్నే అని ఈ పూర్వ విద్యార్థుల సంచిక చదివే 1991 బ్యాచ్ వాళ్లకి బాగా గుర్తుండే ఉంటుంది. పేపరు రాగానే ఎర్ర ఇంకుతో నాలుగు వార్తలకి గుర్తు పెట్టేవారు. అందులో ఒకటి కచ్చితంగా మన విజయవాడది ఉండాలి. ఢిల్లీ సంగతి అందరూ చదువుతారు, కృష్ణలంకలో కుళాయి రావట్లేదంటే ఎవరు చదువుతారు అనేవారు.

చదివి ఊరుకునే మనిషి కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు లారీకెక్కించుకుని అవనిగడ్డ వైపు వెళ్లారని అమ్మ చెప్పేది. 1990 మే తుపాను నేనే చూశాను. వేసవి సెలవులు, హెడ్మాస్టరు గారిని అడిగి ఒక గది తాళం తీయించి, సత్యనారాయణపురం వీధుల్లో మా పిల్లలందరి చేతా పాత బట్టలు సేకరించారు. చిరిగినవి పక్కన పెట్టించారు. మనం కట్టుకోనిది వాళ్లకెలా ఇస్తాం రా అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. ఊరంతా టెన్షన్. టీవీలో గేట్లకి తగిలిన పడవల గురించే వాదన. నాన్నకి అప్పటికి ఎనభై ఏళ్లు, మోకాళ్లు సహకరించవు. ఆ పడవలెవరివో తర్వాత తేలుస్తారు గానీ లోపలి లైన్లలో, అంటే సందుల్లో, వాళ్లు తిన్నారా లేదా అన్నదే ఆయన గోల. నిజానికి సాయానికొచ్చిన పడవలు మెయిన్ రోడ్ల దాకా వెళ్లాయి గానీ, వెనక సందుల్లో మేడ మీద చిక్కుకున్నవాళ్లకి మొదట్లో సరిగా అందలేదు.

వద్దంటే వినలేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, మీ లైన్‌లో ఇంకా ఎవరున్నారు, ముసలివాళ్లున్నారా, షుగర్ ఇంజక్షన్ తీసుకునేవాళ్లున్నారా, పసిపిల్లలకి పాలున్నాయా అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. పడవల మీద వెళ్లే కుర్రాళ్లు మొదట పట్టించుకోలేదు, తర్వాత వాళ్లే తాతగారూ ఎటు వెళ్లమంటారు అని అడగడం మొదలుపెట్టారు. మా వీధి ఆడవాళ్లు కట్టిన పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు ఆ నోట్‌బుక్ ప్రకారమే వెళ్లాయి. ఫోటోలు, ఫార్వర్డ్‌లు మనందరి ఫోన్లలోనూ ఉన్నాయి, ఏ సందులో ఎవరు ఇన్సులిన్ కోసం చూస్తున్నారో మాత్రం ఆ పుస్తకంలోనే ఉంది. నాకు నాన్న మీద ఎంత గర్వమో ఇక్కడ రాయాలని ఎప్పట్నుంచో ఉంది.

నీళ్లు తీశాక ఇళ్ల నిండా బురద. నాన్న దృష్టి సర్టిఫికెట్ల మీద పడింది. పదో తరగతి మార్కుల జాబితా, కులధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, ఇంటి పట్టా అన్నీ ముద్దై అతుక్కుపోయాయి. ఎండలో పెడితే బిరుసెక్కి విరుగుతాయని, ఏళ్ల తరబడి అమ్మకుండా అటక మీద దాచిన పాత పేపర్లన్నీ దింపించి, ఒక్కో కాగితాన్ని పేపర్ల మధ్య పెట్టి, తడి పీల్చాక పేపరు మార్చి, నీడన ఆరబెట్టించారు. కొన్ని దక్కాయి, కొన్నిట్లో సిరా పోయింది. బురదలో పాడైన పాఠ్యపుస్తకాల బదులు మన బ్యాచ్ వాళ్లు డబ్బులు వేసి కొత్తవి కొనిచ్చారు, ఆ సంగతి మీకు తెలిసిందే.

ఇప్పటికీ పేపర్లో బుడమేరు అన్న మాట కనబడితే ఎర్ర గీత పడుతుంది. అప్పుడు బుడమేరు కట్టకి పడ్డ గండ్లు పూడ్చడానికి ఆర్మీ దాకా రావాల్సి వచ్చింది, కట్టలు గట్టిపడ్డాయా, కాలవ వెడల్పు పని ఎంతవరకొచ్చింది అని నన్ను అడుగుతూనే ఉంటారు.

ఈ సంచిక వేస్తున్నారని తెలిసి ఆయన ఒకటే అడిగారు. బుడమేరు పక్క పేటల్లో ఉన్న పూర్వ విద్యార్థుల జాబితా ఒకటి బడి దగ్గర ఉండాలట. పేరు, లైన్ నంబరు, ఫోను, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు వాడే మందులు రాసి బడి ఆఫీసులో ఇవ్వండి. వానాకాలం లోపే.