చిన్నమ్మ బీరువా వాసన వెతుక్కుంటూ

మా రాజంపేట వైపు కువైట్ అంటే పరదేశం కాదు, పక్క ఊరు లెక్క. మా చిన్నమ్మ కూడా అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చాలా ఏళ్లు ఉంది. రెండేళ్లకోసారి వచ్చేది. ఆమె బీరువా తలుపు తీస్తే చాలు, గదంతా ఒక వాసన కమ్ముకునేది. లవంగమా అంటే లవంగం కాదు, సాంబ్రాణి పొగా అంటే అదీ కాదు. పట్టుచీరల మధ్య ముదురు ఎర్రటి అత్తరు సీసా ఒకటి ఉండేది. నడుమ గుండ్రటి చిన్న కిటికీ, మెడకు నల్లటి కుచ్చు. మేడమ్ వాడుకుని, సగం ఉండగా ఇచ్చేసిందట. మమ్మల్ని దాన్ని తాకనిచ్చేది కాదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు చిన్నమ్మ పెట్టెలన్నీ అక్కడే వదిలేసి, అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగింది. మళ్లీ వెళ్లలేదు. ముందే ఊరికి చేరి ఉండబట్టి ఆ సీసా ఒక్కటి మిగిలింది. అది ఖాళీ అయ్యాక కూడా మూత తీసి చీరల్లో పెట్టుకుంది. తర్వాత ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. దాని పేరు ‘ఓపియం’ అని నాకు తెలిసింది పెళ్లయ్యాకే.

2019 అక్టోబరులో ప్యారిస్ వెళ్లే అవకాశం వచ్చింది. తమ్ముడి కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. ఐఫిల్ టవర్, నది మీద పడవ అన్నీ చూపించాడు. మూడో రోజు నేనే అడిగాను, ‘ఒరేయ్, నాకొక వాసన చూడాలని ఉంది’ అని.

ముందు ఐదో నంబరు అవెన్యూ మార్సోకి తీసుకెళ్లాడు. ఓపియం ఎవరి పేరు మీద వచ్చిందో, ఆ ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ బట్టలు కుట్టించిన ఇల్లది. 1974 నుంచి 2002 దాకా ఆయన పని అంతా అక్కడే. 2017లో మ్యూజియం చేశారు. ఆయన గది అలాగే ఉంచారు. బల్ల మీద పెన్సిళ్లు, కళ్లజోడు, వెనక గోడ నిండా అద్దం. ఆయన పుట్టింది అల్జీరియాలోని ఒరాన్‌లో. 1977లో చైనా మీద ఊహతో ఒక బట్టల వరస చేశాడు, అదే ఏడాది ఈ అత్తరు వచ్చింది. తయారు చేసింది ఝాఁ అమిక్, ఝాఁ లూయీ స్యుజాక్ అనే ఇద్దరు. సీసాకి రూపం ఇచ్చింది పియెర్ దినాఁ. జపాన్ సమురాయిలు నడుముకి వేలాడదీసుకునే ‘ఇన్రో’ అనే లక్క డబ్బా దానికి ఆధారమట. మందులు, ముద్రలు దాచుకునే డబ్బా అది. చిన్నమ్మ సీసాకి ఆ కుచ్చు ఎందుకుందో నలభై ఏళ్ల తర్వాత తెలిసింది.

పేరు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. ఓపియం అంటే నల్లమందు. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు రైతుల చేత నల్లమందు పండించి, దాన్ని చైనాకి చేర్చి ఎన్ని కుటుంబాల్ని నాశనం చేశారో తెలిసినవాళ్లు ఆ మాటను సీసా మీద రాయరు. 1979లో అమెరికాలోని చైనా సంతతి వాళ్లు ఆ పేరు మార్చమని నిరసన తెలిపారు. వాళ్ల కోపం న్యాయమైనదే.

ఆ సాయంత్రం ఒక పెద్ద దుకాణంలో ఇప్పటి ఓపియం అడిగాను. అమ్మాయి సన్నని కాగితం పట్టీ మీద కొట్టి ఇచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. కమలాపండు వచ్చింది, మిరియం వచ్చింది, మల్లె కూడా వచ్చింది. బాగుంది. కానీ బీరువా తలుపు తెరుచుకోలేదు. చేతి మీద కొట్టించుకుని గంటసేపు వీధుల్లో తిరిగాను. దాల్చినచెక్క వెచ్చదనం ఉంది గానీ, గొంతులోకి దిగే ఆ లవంగం ఘాటు లేదు.

పెట్టె వెనక సన్న అక్షరాల్లో ‘యూజినాల్’ అని ఉంది. లవంగ నూనెలో ఎక్కువ భాగం అదే, పంటినొప్పికి మనం పెట్టుకునేది. కొందరికి అది చర్మానికి పడదు. అందుకే ఎంత వాడొచ్చో ఈ రంగం వాళ్లు హద్దు పెట్టుకున్నారు. పాత పాకాలు చాలావరకు మార్చి కలుపుతున్నారు. కారణం తెలిసినా దిగులు తగ్గలేదు.

ఆదివారం పొద్దున మెట్రో నాలుగో లైనులో పోర్ట్ ద క్లిన్యాఁకూర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచి సెంటువాన్ పాతసామాన్ల సంతకి చేరాం. అందులో వెర్నెజోఁ అనే భాగం 1920 నాటిది. ఇరుకు సందులు. గుండీలు, బొమ్మలు, వెండి చెంచాలు, పాత ఉత్తరాలు. రెండు గంటలు తిరిగాక ఒక ముసలాయన అంగడిలో, ఖాళీ సీసాల పళ్లెం మూల, అది కనబడింది. ఏటికొప్పాక బొమ్మ మీది మెరుపు లాంటి ఎరుపు. కుచ్చు సగం ఊడిపోయింది. కిటికీలోంచి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన ద్రవం, తేనె ముదిరిన రంగు.

మూత తీయొచ్చా అని మా వాడు ఫ్రెంచిలో అడిగాడు. ఆయన తల ఊపాడు.

మొదట వచ్చింది వార్నిష్ కంపు. గుండె జారింది. గాలి, వెలుతురు తగిలితే ముందు చెడేది పైపై పండ్ల వాసనలేనని అంతకుముందే చదివాను. వెర్సాయ్‌లో ఒక పరిమళాల భాండాగారం ఉంది, అందుకే అక్కడ పాత అత్తర్లను ఆర్గాన్ వాయువు కింద, 12 డిగ్రీల చలిలో దాస్తారు. ఈ సీసా ఎవరి కిటికీలో ఎండకి నిలబడిందో! అయినా ఒక చుక్క మణికట్టు మీద రాసుకుని అక్కడే ఒక ముక్కాలి పీట మీద కూర్చున్నాను.

పది నిమిషాలకి లవంగం లేచింది. దాని వెనక కార్నేషన్ పువ్వు. ఆ పువ్వులోనూ ఉండేది యూజినాలే కాబట్టి రెండూ ఎక్కడ విడిపోతాయో చెప్పలేం. తర్వాత నెమ్మదిగా బోళం చేదు, వట్టివేరు, అన్నింటి కింద సాంబ్రాణి. వాళ్లు బెంజాయిన్ అంటారు. దీన్ని తూర్పుదేశపు వాసన అని పిలిచారు ఇన్నాళ్లూ. ఈ మధ్య ఆ మాట మాని ‘ఆంబర్’ అంటున్నారు. మాకు అందులో దేశమూ దిక్కూ ఏముంది, పోపులపెట్టె, దేవుడి గూడు, నాఫ్తలీన్ ఉండలు వేసిన బీరువా. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ముసలాయన చూసి ఏమీ అడగకుండా ధర తగ్గించాడు. ముప్పై యూరోలు.

ఆ సీసాని ఊలు మేజోళ్లలో చుట్టి, పెట్టె నడుమ పెట్టుకుని తెచ్చాను. దిగిన వారానికే రాజంపేట వెళ్లాను. చిన్నమ్మకి ఇప్పుడు చూపు తక్కువ. సీసాని చేతిలో పెడితే కుచ్చు తడిమి, కిటికీ మీద బొటనవేలు తిప్పింది.

‘యాడ దొరికిందే ఇది?’

చెప్పాను. ఆమె వత్తుల దూదిలోంచి చిటికెడు తుంచి, దాని మీద ఒక చుక్క వేయమంది. వార్నిష్ కంపు పోయేదాకా ఆగమన్నాను. ఆగింది. తర్వాత దూది ముక్కుకి ఆనించుకుని చాలాసేపు కదల్లేదు. నేను దాని పేరు చెబుతుందని, తన చీరల సంగతి ఎత్తుతుందని చూస్తున్నాను.

‘మా మేడమ్ గది’ అంది. ‘పొద్దున్నే నేను టీ తీసుకపోయేదాన్ని. ఆమె అద్దం ముందర కూచోనుండేది. చిన్నపాప మంచం మింద నిద్రపోతాండేది. ఆ పాపకి ఇప్పుడు నలభై నిండుంటాయి గదా?’

దూదిని పైట కొంగు చివర ముడేసుకుంది. ‘సరే, అన్నం తిందువు రా’ అని లేచింది.