విక్టర్ వూటెన్ ఒక్కడే వాయిస్తుంటే

ఇవాళ చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ అమెరికన్ బేస్ గిటార్ వాద్యకారుడు విక్టర్ వూటెన్ ఆల్బమ్ ‘ఎ షో ఆఫ్ హ్యాండ్స్’ మొత్తం విన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే. బేస్ గిటార్ లావు తీగ మోగేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర. ఫోన్ స్పీకర్‌కి అంత లోతు అందదు.

బాంజో వాయించే బేలా ఫ్లెక్ బృందం ఫ్లెక్‌టోన్స్‌లో వూటెన్‌కి పక్కన బాంజో ఉంది, అన్నయ్య రాయ్ తాళం ఉంది. 1996లో వచ్చిన ఈ తొలి సోలో ఆల్బమ్‌లో దాదాపు అంతా ఒక్క నాలుగు తీగల బేసే. అక్కడక్కడా మాటలు వినిపిస్తాయి, అంతే.

‘ఓవర్‌జాయ్డ్’ వచ్చేసరికి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. స్టీవీ వండర్ పాట అది. పైన పాట నడుస్తోంది, కింద దానికి ఆధారమూ నడుస్తోంది, రెండూ ఒక్కడే. ఇంకొకరు ఉంటే బాగుండునని ఎక్కడా అనిపించదు.

లారీ గ్రాహం గుర్తొచ్చాడు. ఫంక్ అనే లయప్రధానమైన అమెరికన్ సంగీతంలో బేస్‌ని బొటనవేలితో కొట్టి, వేలితో తీగ లాగే పద్ధతి ఆయనదే. అమ్మతో కలిసి వాయించే రోజుల్లో డ్రమ్మర్ లేకుండా పోతే, బేస్ డ్రమ్ (పెద్ద డ్రమ్) బదులు బొటనవేలి దెబ్బ, స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) బదులు ఆ లాగుడు పెట్టుకున్నాడు. అంటే ఈ వాయింపు పుట్టిందే లేని మనిషి పని కూడా మీద వేసుకోవడంలో. అందుకే వూటెన్ సోలోని బ్యాండ్ వదిలేసి చేసే విన్యాసం అంటే నేను ఒప్పుకోను. గ్రాహం మొదలుపెట్టిన పనినే ఆయన చివరిదాకా తీసుకెళ్లాడు.

వూటెన్ బొటనవేలిని వీడియోలో నెమ్మదిగా పెట్టి చూడాలి. తీగను కొట్టి పైకి ఎగరదు, దాన్ని దాటి కిందికి దిగుతుంది. తిరిగి వస్తూ అదే తీగను కింది నుంచి మీటుతుంది. ఒక్క ఊపులో రెండు స్వరాలు. చిన్నప్పుడే బేస్ నేర్పింది పెద్దన్న రెజీ. ఐదుగురు అన్నదమ్ముల్లో విక్టర్ చివరివాడు, ఇంటి బ్యాండ్‌కి బేస్ వాయించేవాడు కావాల్సి వచ్చింది మరి.

‘క్లాసికల్ థంప్’ వేగానికి ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే. నాకు మాత్రం ఆ వేగంలోనూ లయ వీసమెత్తు చెదరకపోవడమే గొప్ప. కాలితో తాళం వేస్తూనే ఉన్నాను, ఎక్కడా తప్పలేదు.

రేపు ఇస్త్రీ పని ఉంది. అప్పుడు 1999 నాటి ‘యిన్-యాంగ్’ వింటాను. రెండు డిస్కులు, ఒకటి వాద్యం, ఒకటి గాత్రం. ముందు గాత్రమే పెట్టుకోవాలి. పాడే గొంతు పక్కన ఈయన ఎంత తగ్గి వాయిస్తాడో శ్రద్ధగా వినాలనుంది.