పలుపు చేతులు మారిన రోజు

న్యాంజాలో రాజుగారి ఆవుల్ని చూడకుండా బుగెసెరా వెళ్ళి ఉంటే, అక్కడ నేను చూసినదాంట్లో సగం నాకు అర్థమయ్యేది కాదు.

2019 ఆగస్టు. రువాండాలో వానల్లేని కాలం. న్యాంజాలోని పాత రాజనివాసం ఇప్పుడు మ్యూజియం. దాని వెనక ఇన్యాంబో ఆవులుంటాయి. ముదురెరుపు ఒళ్ళు, ఆకాశంలోకి లేచిన పెద్ద పెద్ద కొమ్ములు. కాపరి పక్కన నిలబడి సన్నగా పాడుతుంటే మేత మానేసి విన్నాయి. ఒక్కో ఆవుకీ పేరుంది, పొగడ్త పద్యాలున్నాయి.

లోపల గైడు ఉబుహాకే అనే పాత పద్ధతి గురించి చెప్పాడు. కలిగినవాడు లేనివాడికి ఆవునిచ్చేవాడు. పాలు తాగొచ్చు, కానీ ఆవు దాతదే. అందుకు బదులుగా ఆయన పొలంలో, ఇంట్లో చాకిరీ చెయ్యాలి. నచ్చకపోతే ఆవును తిరిగి తోలుకుపోతాడు. సూటిగా చెప్పాలంటే వెట్టి. మూడో ముతారా రాజు 1954లో దాన్ని రద్దు చేశాడు.

మర్నాడు కిగాలీ నుంచి దక్షిణంగా న్యాబరొంగో నది దాటి బుగెసెరా జిల్లాకు వెళ్ళాం. ఆ జిల్లా పేరు నేను మొదట విన్నది 2018 జులైలో, మన ప్రధాని మోదీ అక్కడి ర్వేరు గ్రామంలో 200 ఆవుల్ని ఇచ్చినప్పుడు. ఆ ఆవుల్ని రువాండాలోనే కొన్నారు. ఆయన ఇచ్చింది 2006 నుంచి నడుస్తున్న 'గిరింకా' పథకం కింద. గిరింకా అంటే 'నీకు ఆవు కలగాలి' అని దీవెన. పేద కుటుంబానికి చూడి పెయ్యను ఊరికే ఇస్తారు. షరతు ఒక్కటే, తొలి పెయ్యదూడను ఊళ్ళో ఇంకో పేద కుటుంబానికి ఇవ్వాలి. దీన్ని 'క్వితురా' అంటారు. మలి ఈతలన్నీ తమవే.

ఈ షరతు రువాండాకే సొంతం కాదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలిగొన్న పిల్లలకు పాలు పంచిన డాన్ వెస్ట్ అనే అమెరికా రైతు, ఇవ్వాల్సింది పాల కప్పు కాదు ఆవు అని పట్టుపట్టి ఒక సంస్థ పెట్టాడు. 1944లో 17 పెయ్యల్ని ప్యూర్టో రికోకి పంపాడు. ఆయన పెట్టిన షరతూ ఇదే.

మేం వెళ్ళిన ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. నా వెంట వచ్చిన కుర్రాడు ఆమెను 'మామా' అని పిలుస్తూ మా ఇద్దరి మాటల్నీ అటూ ఇటూ తర్జుమా చేశాడు. ఇంటి వెనక పాకలో నలుపూ తెలుపూ మచ్చల ఫ్రీజియన్ సంకరజాతి ఆవు, పక్కన ఏడెనిమిది నెలల పెయ్యదూడ. ఆమె నన్ను ముందు ఆవు దగ్గరికి కాదు, అరటితోటలోకి తీసుకెళ్ళింది. పై మడిలో చెట్లు నా భుజం దాటలేదు, ఆకు పాలిపోయి ఉంది. పెంట తోలిన కింది మడిలో అవే చెట్లు, అదే నేల, గెలలు బరువుకి వంగి కర్రల మీద ఆనుకున్నాయి. వంగి మట్టి తీసి నా అరచేతిలో పెట్టింది. నల్లగా, చల్లగా ఉంది.

పాలమ్మిన డబ్బుతో ఏం చేశారని అడిగాను. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా కట్టానంది. అప్పట్లో తలకి ఏడాదికి 3,000 ఫ్రాంకులు. అంతకుముందు జ్వరమొస్తే తగ్గేదాకా పడుకోవడమేనట.

చాకిరీ మాత్రం తక్కువేం కాదు. ఈ కాలంలో నేపియర్ గడ్డి కోసం రోజూ రెండుసార్లు పల్లానికి దిగాలి, నీళ్ళు మోయాలి, పిడుదులు ఏరాలి. గడ్డి వేసుకోను చారెడు నేలైనా లేనివాళ్ళకి ఆవు గుదిబండే అవుతుంది, వాళ్ళకి మేకలిస్తేనే మేలని నాకు గట్టిగా అనిపించింది. కొన్నిచోట్ల స్థానిక నాయకులు ఈ ఆవుల్ని పక్కదారి పట్టించి కేసుల్లో ఇరుక్కున్నారు కూడా. పేదవాడి గుమ్మం దాకా వచ్చిన ఆవును దారి మళ్ళించడం కంటే నీచం ఏముంటుంది?

మేం వెళ్ళిన రోజే ఆమె క్వితురా. దూడని అందుకోవాల్సినామె ఇద్దరు పిల్లల్తో వచ్చి వాకిట్లో నిలబడింది. ఆడవాళ్ళు చప్పట్లతో పాట ఎత్తుకున్నారు. ముసలావిడ దూడని బయటికి నడిపించి, ఎడమచేత్తో కుడి మోచేతి కింద తాకుతూ పలుపు అందించింది. అక్కడ అది మర్యాద. అందుకున్నామె కూడా అలాగే అందుకుంది. ఇద్దరూ తలొంచలేదు. నాకు న్యాంజాలో విన్న ఉబుహాకే గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

కుర్రాడితో ఆమె ఏదో అంది. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళు ఈమెకి ఆవునిచ్చారు అనుకునేవాళ్ళట. ఇకమీద, ఆవునిచ్చిన మనిషి అంటారట," అని చెప్పాడు.

పాకలోంచి తల్లి అరుస్తోంది. దూడ రెండడుగులు వేసి ఆగిపోయింది. ముసలావిడ గబగబా వెళ్ళి, దాని చెవి వెనక వేళ్ళతో గోకి చూపించింది, ఇదుగో ఇక్కడ, అన్నట్టు. కొత్తామె కూడా అక్కడే గోకింది. దూడ మెడ చాచి కళ్ళు మూసుకుంది. కాసేపటికి కదిలింది.