మడమ నొప్పి, పాదాల పరీక్ష: నా అనుభవం

నేను ఉపాధ్యాయురాలిని. రోజంతా నిలబడే ఉద్యోగం. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. ఎముకల డాక్టరు పరీక్షించి, అరికాలి పొర వాచిందని, చెప్పుల్లో ఇన్‌సోల్ (అరికాలి కింద పెట్టుకునే మెత్తటి అట్ట) వాడమని చెప్పారు. అక్కడివరకు ఇబ్బందేమీ లేదు.

ఇన్‌సోల్ అమ్మే దుకాణంలో జరిగినది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పాదాలు చూసే యంత్రాన్ని వీధి వైపు అద్దాల పక్కనే పెట్టారు. చీర పైకెత్తి దానిమీద నిలబడమన్నాడు అక్కడి కుర్రాడు. ఎదుటి సోఫాలో మా బడి పిల్లవాడి తండ్రి కూర్చుని ఉన్నారు. నేను ఇలా ఎక్కానో లేదో, తెరమీద ఎర్రటి మచ్చలు చూపించి, "ఆంటీ, మీవి పూర్తిగా చదును పాదాలు. ఇలాగే వదిలేస్తే మోకాళ్లు, నడుము అన్నీ పోతాయి" అని దుకాణమంతా వినపడేలా చెప్పాడు. నొప్పి ఎక్కడో అడగలేదు. నా చెప్పుల అడుగు ఎటువైపు అరిగిందో చూడలేదు. వెనక్కి వచ్చి మడమ వంక చూడనైనా లేదు. నేరుగా ఆరు వేల రూపాయల జత తీసి, తగ్గింపు ఈరోజుతో ఆఖరన్నాడు.

"ఎరుపంటే ఏమిటి బాబూ?" అని అడిగాను.

"అదే సమస్య ఆంటీ."

ఎరుపంటే బరువు ఎక్కువగా పడే చోటు. నిలబడితే ఎవరి మడమమీదైనా బరువు పడుతుంది! తరగతిలో ఒక పిల్లవాడి లోపాన్ని అందరిముందూ చదవకూడదని మేం నేర్చుకుంటాం. శరీరం సంగతి అయితే ఇంకెంత మర్యాద పాటించాలి? పైసా ఇవ్వకుండా బయటికి వచ్చేశాను.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు తెర చాటున పరీక్షించారు. ఉన్నచోటే కొన్ని అడుగులు వేయించి, చేతులు వదిలేసి ఎదురుగా చూడమన్నారు. వెనకనుంచి మడమ ఎటు వాలిందో, చిటికెన వేలి వైపు ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయో, పక్కనుంచి అరికాలి వంపు ఎంతుందో చూశారు. ఇలాంటివి ఆరు అంశాలు. ఒక్కోదానికి -2 నుంచి +2 వరకు మార్కులు. మొత్తం 0 నుంచి 5 వస్తే మామూలు పాదం. నా ఎడమ పాదానికి 5, కుడిదానికి 7 వచ్చాయి, అంటే కుడిది కాస్త చదును వైపు. మునివేళ్లమీద లేవమని ఫోనులో వీడియో తీసి చూపించారు. చదునుగా ఉన్న చోట చక్కగా వంపు లేచింది, మడమ లోపలికి తిరిగింది. "బరువు పడినప్పుడు వంపు కొంచెం దిగుతోంది, అంతే మేడమ్. ఇది జబ్బు కాదు" అన్నారు. పిక్కలు, అరికాళ్లు సాగదీసే వ్యాయామాలు నేర్పి, మామూలు ఇన్‌సోల్ చాలన్నారు.

ఇన్‌సోల్ కోసం పాదాలు చూపించుకోవడానికి వెళ్లేవాళ్లు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రోజూ వేసుకునే పాత చెప్పులు పట్టుకెళ్లండి. పిక్కలు కనిపించేలా వదులైన పైజామా వేసుకోండి. మీ వెనక నిలబడి చూడకముందే ధర చెప్పేవాడి దగ్గర ఏమీ కొనకండి. మధుమేహం ఉన్నవాళ్లయితే అరికాళ్లలో స్పర్శ ఎలా ఉందో ముందు డాక్టరుతో చూపించుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి సరిపడని ఇన్‌సోల్ ఒరుసుకుని పుండు పడినా తెలియదు.