జూన్‌లోనూ నవంబరులోనూ పూసే పెరడు

తొలకరి పడగానే మొక్కలు నాటమనేది గోదావరి వైపు సరిపోయే మాట. నెల్లూరులో ఆ మాట పట్టుకుని నాటితే లేత మొక్క పది రోజుల్లో మాడిపోతుంది. ఇక్కడ మృగశిర కార్తె వచ్చాక కూడా పడమటి గాలి వేడిగానే కొడుతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, అదీ వాయుగుండాల పుణ్యమా అని, కుండపోతగా పడుతుంది. ఒంగోలు, సింగరాయకొండ వైపు తీరంలోనూ పెద్ద వానలు ఈ నెలలవే. మార్కాపురం, గిద్దలూరు వైపు ఆగస్టు, సెప్టెంబరు వానలు కొంచెం నయం కాబట్టి అక్కడ ఒక నెల ముందే, ఆగస్టులోనే నాటుకోవచ్చు. మిగతా చోట్ల సెప్టెంబరు మొదటి వారాలు మంచివి. అవి తప్పితే తుపాన్లు వెళ్లిపోయాక డిసెంబరు చివర.

నర్సరీకి మనం ఎక్కువగా సంక్రాంతి ముందు వెళ్తాం. అప్పుడు పూసి ఉన్నవే కొంటాం. అందుకే పెరడంతా బంతి, చామంతి, డిసెంబరాలే. వేసవికి మల్లె ఎలాగూ ఉంటుంది. మల్లె ఆగిపోయే జూన్ నడుమ నుంచి ఆగస్టు దాకా మాత్రం ఏమీ ఉండదు. మొగ్గలు వానకు కుళ్లిపోయే అక్టోబరు, నవంబరుల్లోనూ అంతే. ఎంపిక ఈ రెండు ఖాళీల నుంచి మొదలుపెట్టాలి. జనవరి సంగతి ఆఖర్న చూసుకున్నా ఏం కాదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా నిలబడేవి గన్నేరు, దేవగన్నేరు, బిళ్లగన్నేరు, కాగితం పూలు, నూరువరహాలు, జాజి. గన్నేరును పడమటి వైపు వరసగా నాలుగడుగుల ఎడంతో పెడితే పూలతో పాటు గాలికి అడ్డు కూడా అవుతుంది. దాని ఆకు, పాలు, కొమ్మ అన్నీ విషమే. చిన్న పిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో దాని బదులు దేవగన్నేరు పెట్టుకోండి. దాని పాలు కూడా చర్మానికి, కళ్లకు తగలకూడదు.

కాగితం పూల చెట్టు ఆకు గుబురుగా పెరిగి పూయడం లేదంటే చాలాసార్లు కారణం నీళ్లు ఎక్కువవడమే. యూరియా వేస్తే ఇంకా మొండికేస్తుంది. వానలు వెళ్లాక కొమ్మలు మూడో వంతు కత్తిరించి, ఆకు కొద్దిగా వాలినప్పుడే నీళ్లు పోయాలి. జాజిని డిసెంబరు చివరి వారంలో కత్తిరిస్తే జూన్ నాటికి పూతకొచ్చి కార్తీకం దాకా పూస్తుంది. ఆ ఖాళీలో మంచి వాసన పూలు కావాలంటే దీన్ని మించింది లేదు.

అక్టోబరు, నవంబరులకు పారిజాతం. ఆగస్టు చివర మొదలై వానల్లోనూ రాలుస్తూనే ఉంటుంది. శంఖుపూల గింజలు రాత్రంతా నానబెట్టి ఆగస్టులో పెడితే సెప్టెంబరు చివరికల్లా తీగ నిండా నీలం. నందివర్ధనం ఏడాదంతా పూస్తుంది, నీడలోనూ సర్దుకుంటుంది. పూలే కానక్కర్లేదు. ముసురు రోజుల్లో క్రోటన్ ఆకుల రంగు పెరటికి ఎంతో వెలుగు తెస్తుంది.

ఈ నెలల్లో మొక్కలు చచ్చేది వేరు కుళ్లి. మళ్లను తొమ్మిది అంగుళాలు ఎత్తు చేయండి. కుండీల కింద పళ్లేలు తీసేసి రెండేసి ఇటుకలు పెట్టండి. అడుగు రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో సెప్టెంబరులోనే పుల్లతో పొడిచి చూడాలి. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంటే డిసెంబరు మొదటి వారం పోయేదాకా పొడవు మొక్కలకు కట్టిన ఊతకర్రలు విప్పకూడదు.

ఇక మల్లె. ఇక్కడి వేసవిని తట్టుకోవడమే కాదు, వేసవి కోసమే పుట్టిందనిపిస్తుంది. కానీ కత్తిరించని మల్లె నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. పూత కొత్త చిగురు మీదే వస్తుంది గనక పాత చెట్టును నిద్రపుచ్చి లేపాలి. డిసెంబరు నడుమ నుంచి నీళ్లు ఆపండి. సంక్రాంతి వెళ్లగానే నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగిలిన ఆకు దూసేయండి. వారం ఆగి పాదు తవ్వి, చెట్టుకు పది కిలోల చివికిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి కలిపి నిండా నీళ్లు పెట్టండి. మార్చి నడుమకు మొగ్గ. మొదటి విడత పూత అయ్యాక కొమ్మల కొసలు నాలుగంగుళాలు తుంచితే రెండో విడత వస్తుంది. ఆలస్యంగా, ఫిబ్రవరి చివర కత్తిరిస్తే పూత మే ఎండల్లో పడి పువ్వు చిన్నదవుతుంది.

మొగ్గలు ఊదా రంగుకు తిరిగి, చిల్లులు పడి, గూడులా అల్లుకుంటే అది మొగ్గ తొలిచే పురుగు. ఆ మొగ్గల్ని ఏరి కాల్చేయాలి, కింద పడేస్తే లాభం లేదు. ఆపైన లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట మల్లె పెట్టకండి. ఎన్ని ఎరువులు వేసినా అక్కడ ఆకే వస్తుంది.

చామంతికి రాత్రులు పొడుగైతేనే మొగ్గ. వీధిదీపం కింద, రాత్రంతా వెలిగే వరండా బల్బు దగ్గర పెట్టిన కుండీ పూయకపోవడానికి కారణం అదే. జూలైలో పిలకలు నాటి, నెల రోజులకు కొస తుంచాలి. పూత అయిపోయాక మొదలుకంటా కోసి, వేసవంతా పిలకల్ని సగం నీడలో కాపాడితే మళ్లీ కొనే పని ఉండదు. బంతి విత్తు నుంచి పువ్వుకు దాదాపు 70 రోజులు. సంక్రాంతికి కావాలంటే అక్టోబరు చివర ట్రేలో, వాన తగలని చూరు కింద చల్లి, నెలకు నాటుకోవాలి. కనకాంబరం పక్కన బంతి పెడితే వేర్లకు బుడిపెలు కట్టే నులిపురుగు తగ్గుతుంది.

తీరం వెంబడి బోరు నీళ్లు ఉప్పు. కుండీ మట్టి పైన తెల్లగా పేరుకోవడం, ఆకు అంచులు మాడడం దాని గుర్తులు. గన్నేరు, కాగితం పూలు, దేవగన్నేరు తట్టుకుంటాయి. మిగతావాటికి వాననీళ్లు పట్టి ఉంచుకుని, నెలకోసారి అడుగు నుంచి బాగా కారేదాకా పోయాలి. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు వృథా పోతాయని మొక్కలకు పోస్తుంటారు. వాటిలో ఉప్పు బోరు నీళ్ల కన్నా ఎక్కువ, పోయకండి. నూరువరహాల లేత ఆకు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి పది రోజుల తేడాతో రెండుసార్లు ఆకుల మీద కొట్టాలి.

నాలుగు అంకణాల (నెల్లూరు లెక్కన 32 చదరపు గజాల) జాగాకు పడమట గన్నేరు రెండు, తూర్పున ఎండలో మల్లె రెండు, గోడ మీదికి జాజి ఒకటి, మూలన పారిజాతం, గుమ్మం పక్కన నూరువరహాలు, నందివర్ధనం చాలు. చామంతి, బంతి కుండీల్లో. ఏప్రిల్ నుంచి పాదుల్లో మూడంగుళాల మందాన వేరుశనగ పొట్టు గాని వరిగడ్డి గాని పరచండి, మొదలుకు మాత్రం ఆనకూడదు, చెదలు పడతాయి. గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలు కొబ్బరి పీచు పొట్టులో మెత్తగా పెరిగి ఉంటాయి. తేగానే ఎండలో నాటకుండా పది రోజులు నీడలో ఉంచి, నాటేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న పీచు సగం విదిలించి మన మట్టిలో పెట్టాలి.